వాన పడిన మర్నాడు వెళ్ళి చూడు

చిట్టీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలు కాస్త నయం, మెట్లు మాత్రం ఇంకా ఒక్కొక్కటే ఆగి ఆగి ఎక్కుతున్నారు. బామ్మ రోజుకు రెండుసార్లు నీ సంగతి అడుగుతోంది. నువ్వు ఫోన్ చేసి 18 రోజులైంది. పనిలో ఉండి ఉంటావని ఆవిడకు చెబుతున్నాను.

మొన్న పిన్ని వచ్చినప్పుడు నువ్వు ఇల్లు మారుతున్నావని చెప్పింది. ఆ సంగతి తనకి ఎవరు చెప్పారో నాకు తెలుసు, అన్నయ్యను ఏమీ అనకు. రెండు మూడు అంతస్తుల చిన్న బ్లాకులట, మధ్యలో పచ్చిక, చెట్లు, లిఫ్టు లేదట, బయటి మెట్లెక్కితే నేరుగా ఎవరి తలుపు దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోవచ్చట. అద్దె మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు అంది. వింటుంటే నాకూ నచ్చింది. నువ్వు తీసుకునేది గ్రౌండ్ ఫ్లోర్ అని చివర్లో అంది. ఆ తర్వాత తను చెప్పినవేవీ నా చెవికెక్కలేదు.

మీ నాన్నకు చెబితే ముందు సంబరపడ్డారు, తను ఎక్కడో చదివింది చెప్పారు. మామూలు ఉద్యోగస్తుల ఇళ్ళ పక్కన కూడా చెట్టూ గాలీ ఉండాలని ఇంగ్లండులో ఎబెనెజర్ హోవార్డ్ అనే ఆయన 1898లోనే పుస్తకం రాశాడట, 1903లో ఆ పద్ధతిలో లెచ్‌వర్త్ అనే ఊరే కట్టడం మొదలుపెట్టారట. మంచి ఆలోచనే. కానీ చెట్లకు రోజూ నీళ్ళు పెడతారు కదా, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయి? నువ్వు చూశావా?

నీకు రెండేళ్ళప్పుడు ఉన్న తోట ఇల్లు నీకు గుర్తుండదు. అన్నయ్యకు లీలగా గుర్తుంది. నేనే ముచ్చటపడి తీసుకున్నాను. హాలు కిటికీ తెరిస్తే చేతికందేంత దగ్గర్లో మందార చెట్టు, దాని వెనక పచ్చిక. మీ నాన్న ఇంకో రెండు ఇళ్ళు చూద్దామన్నారు, నేను వద్దన్నాను. లోపలికి వెళ్ళగానే కొత్త రంగు వాసన వచ్చింది. ఇల్లంతా పాత రంగే, పడకగదిలో ఒక్క గోడకే కొత్త రంగు. మన కోసం వేయించారని సంతోషించాను. ఎందుకు వేయించారని అడగలేదు. వర్షాలు మొదలైన నెలకి బీరువా జరిపితే వెనకంతా నల్లటి బూజు, పెచ్చులు ఊడుతున్న సున్నం. బయట తోట నేల గోడ వైపు వాలుగా ఉంది. పడిన చినుకూ, మొక్కలకు పెట్టిన నీళ్ళూ అన్నీ వచ్చి మన పునాది దగ్గరే నిలబడేవి. ఓనరుకు చెబితే కిటికీలు తెరిచి ఉంచండి అన్నాడు. రెండోసారి చెబితే మళ్ళీ రంగు వేయించాడు. ఆ గోడ పక్కనే నీ మంచం. ఒక రాత్రి నీ ఊపిరిలో పిల్లికూతలు వినబడ్డాయి. మీ నాన్న నిన్ను భుజాన వేసుకుని తెల్లారేదాకా వరండాలో తిరిగారు. డాక్టరు చూసి మొట్టమొదట అడిగిన మాట, ఇంట్లో చెమ్మ ఉందా అని. ఇల్లు ఖాళీ చేయడానికి ఇంకా మూడు నెలలు పట్టింది, అడ్వాన్స్ వదులుకుని రావడానికి చేతిలో డబ్బు లేక. ఆ మూడు నెలలూ నేను నీ ఊపిరి వింటూ పడుకున్నాను. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజే ఆ గోడ మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి ఉంటే సరిపోయేది.

అందుకే అడుగుతున్నాను. వాన పడిన మర్నాడు వెళ్ళి చూడు. గోడకు ఆనుకుని నీళ్ళు నిలిచాయేమో చూడు. నేల గోడ నుంచి బయటికి వాలి ఉండాలి, మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలైనా దిగాలని కట్టడం తెలిసినవాళ్ళు చెబుతారు. మొక్కలకు నీళ్ళు చిమ్మే పైపు నీ కిటికీ మీదికి చిమ్ముతోందేమో చూడు. సింకు కింద అర తెరిచి వాసన చూడు. తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టకపోతే బూజు పట్టడం మొదలవుతుంది, కాబట్టి లీకేజీ చెబితే ఎన్నాళ్ళకు వచ్చి బాగుచేస్తారో అగ్రిమెంట్‌లో రాయించుకో. నోటి మాట నమ్మకు. పైవాళ్ళ అడుగుల చప్పుడు ఎంత వినబడుతుందో తెలియాలంటే సాయంత్రం అందరూ ఇంటికి చేరాక వెళ్ళాలి, పగలు ఏ ఇల్లయినా ప్రశాంతంగానే ఉంటుంది. కిటికీల గడియలు ఒక్కొక్కటీ వేసి తీసి చూడు, కింది ఇంటికి అవే కాపలా. మెట్ల దగ్గర రాత్రిపూట లైటు వెలుగుతుందా? సామాను దించకముందే ప్రతి గదికీ తేదీతో ఫొటోలు తీసి ఓనరుకు పంపు, లేకపోతే రేపు అడ్వాన్స్ తిరిగివ్వాల్సి వచ్చినప్పుడు ఆ మరక నీదే అంటారు. ఇంతసేపు చెప్పకూడదనుకునే మొదలుపెట్టాను, చెప్పేశాను.

మధ్య అంతస్తు ఖాళీ ఉందేమో అడిగావా? పైన ఎండ, కప్పు లీకులు, కింద చెమ్మ. మధ్యదానికి అద్దె కాస్త ఎక్కువైనా పర్వాలేదు, తేడా మేం పంపుతాం. నాన్నతో మాట్లాడాను.

ఇప్పుడు నీతో ఇల్లు పంచుకుంటున్న ఆ అమ్మాయి కూడా నీతో వస్తోందా? పిన్ని ఏదో అంది, నేను గుచ్చి అడగలేదు. మీరిద్దరూ పోట్లాడుకుని ఉంటే నాకు చెప్పకపోయినా పర్వాలేదు. పాత ఇంటి అగ్రిమెంట్‌లో మాత్రం ఒకరు వెళ్ళిపోతే అద్దె మొత్తం రెండోవారు కట్టాలని ఉందేమో చూసుకో. నీ పేరు అందులోంచి తీయించాకే కొత్తదాని మీద సంతకం పెట్టు.

పోయినసారి నువ్వు ఇల్లు చూసొచ్చి సంతోషంగా ఫోన్ చేస్తే, నేను మాట పూర్తికాకముందే వద్దన్నాను. ఈసారి చెప్పకపోవడానికి అదే కారణమైతే ఆ తప్పు నాది. ఈసారి వద్దనను. ఇల్లు నచ్చితే తీసుకో. చెట్లంటే నీకు ఇష్టమని నాకు తెలియదా, ఆ మందార పువ్వు చూపిస్తేనే కదా ఆ రోజుల్లో మందు తాగేదానివి.

రెండు దుప్పట్లు, పాత టార్చిలైటు పార్సిల్ కట్టి పెట్టాను. ఏ చిరునామాకు పంపాలో తెలియక గుమ్మం పక్కనే ఉంచాను. నీ ఇన్‌హేలర్ మీద తేదీ దాటిపోయిందేమో ఇప్పుడే లేచి చూడు. ఆదివారం పొద్దున నేను ఇంట్లోనే ఉంటాను, ఫోన్ పక్కనే పెట్టుకుంటాను.

మీ అమ్మ