వేడి మీద స్టార్ట్ కాని డీజిల్ కారు: ఇంజెక్టర్లు మార్చే ముందు కొలవండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండలు ముదిరితే అనంతపురం, కర్నూలు షెడ్లకు ఒకే రకం ఫిర్యాదుతో డీజిల్ కార్లు వస్తాయి. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద నడిపి, గుత్తి దగ్గర టీకి ఆపి, పది నిమిషాలకు మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. గంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇలాంటి బండికి ముందు బ్యాటరీ, తర్వాత హీటర్ ప్లగ్గులు, ఆఖరికి ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చడం చాలాచోట్ల జరుగుతోంది. హీటర్ ప్లగ్గులకు ఈ జబ్బుతో సంబంధమే లేదు. అవి చల్లటి ఇంజన్ కోసం పెట్టినవి. కాగిన ఇంజన్‌కు వాటితో పని లేదు.

వేడి మీద వచ్చే లోపాన్ని వేడి మీదే పట్టుకోవాలి. బండిని రాత్రి షెడ్డులో వదిలి, పొద్దున స్కానర్ పెడితే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కనీసం అరగంట నడిపి తెచ్చి, బానెట్ తెరవకుండా పది పదిహేను నిమిషాలు ఉంచి, అప్పుడు మెకానిక్ ముందే సెల్ఫ్ కొట్టాలి. ఇంజన్ ఆపాక లోపల నీళ్లు తిరగవు, ఎదురుగాలి తగలదు. అందుకే సెన్సర్లు, పంపు, సెల్ఫ్ మోటారు నడిచేటప్పటికంటే ఆగిన కాసేపటికే ఎక్కువ కాగుతాయి.

మొదట చెవితో వినాలి. పొద్దున చురుగ్గా తిరిగిన సెల్ఫ్ ఇప్పుడు ఈడుస్తున్నట్టు తిరిగితే తప్పు కరెంటు వైపు ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కంటే కిందికి దిగకూడదు. మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ దిమ్మె మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే 0.2 వోల్టు చుట్టుపక్కల ఉండాలి. అర వోల్టు దాటితే ఎర్త్ వైరు సంగతి చూడాలి. అవన్నీ సరిగ్గా ఉన్నా ఈడుస్తుంటే సెల్ఫ్ మోటారు విప్పి బుష్‌లు, బ్రష్‌లు చూడాలి.

సెల్ఫ్ బాగానే తిరుగుతుంటే స్కానర్‌లో ఇంజన్ తిరిగే వేగం చూడండి. నిమిషానికి 200 చుట్లకు అటూ ఇటూగా చూపాలి. సున్నా చూపిస్తే ఇంజన్ వేగాన్ని కొలిచే క్రాంక్ సెన్సరును అనుమానించాలి. కాగితే లోపలి చుట్టు తెగి, చల్లారితే మళ్లీ కలుస్తుంది. సెన్సరు మీద తడి గుడ్డ వేసి చల్లార్చాక స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. ఇంజెక్టర్ల ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు. దీన్ని చూడకుండా పంపు విప్పడం అన్యాయం.

వేగం చూపిస్తున్నా స్టార్ట్ కాకపోతే రైలు ప్రెషర్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి పైపులోని ఒత్తిడి దగ్గరికి రావాలి. ఆ పైపు ఉన్న చాలా కామన్ రైల్ బండ్లలో సెల్ఫ్ మీద సుమారు 200 బార్ లేకపోతే ఇంజెక్టర్లు డీజిల్ వదలవు. బండిని బట్టి ఈ అంకె కొంత మారుతుంది. కాగిన డీజిల్ పలచబడి, అరిగిన ఇంజెక్టరు వాల్వు సందుల్లోంచి, పంపు ప్లంజర్ల పక్కలనుంచి జారిపోతుంది. సెల్ఫ్ వేగానికి పంపు తోసేదే కొంచెం, ఆ కొంచెమూ కారిపోతుంది. రోడ్డు మీద నిమిషానికి 2000 చుట్ల వేగంలో పంపు ఎక్కువ తోస్తుంది కాబట్టి కారేది పోయినా సరిపోతుంది. అందుకే నడిచేటప్పుడు ఏ లోపమూ తెలియదు. సెల్ఫ్ మీద ప్రెషర్ 80, 100 దగ్గరే నిలిచిపోతే కారుడు ఉన్నట్టు. 300 దాటినా అందుకోకపోతే తప్పు వేరేచోట ఉంది, ఇంజెక్టర్ల జోలికి పోవద్దు. ఇంజన్ ఆపి కొంతసేపయ్యాక కూడా ప్రెషర్ సున్నా దగ్గరికి రాకుండా పదుల్లో చూపిస్తుంటే ఆ సెన్సరే అబద్ధం చెబుతున్నట్టు.

కారేది ఎక్కడో తేల్చడానికి నాలుగు ఒకే కొలత సీసాలు చాలు. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి, ఒకే పొడవు పారదర్శక గొట్టాలు తగిలించి సీసాల్లోకి వదలాలి. ఇంజెక్టర్ల నుంచి తీసిన రిటర్న్ పైపు కొసను మూసి కట్టాలి. కాగిన ఇంజన్‌ను రెండు నిమిషాలు ఐడిల్‌లో నడిపితే, మిగతా మూడింటికంటే రెండింతలు నిండిన సీసా ఇంజెక్టరే దోషి. నాలుగూ సమానంగా కొంచెమే నిండి ప్రెషర్ రాకపోతే పంపు, ప్రెషర్ వాల్వుల వంతు. పీజో (కరెంటు తగిలితే సాగే స్ఫటికంతో పనిచేసే) ఇంజెక్టర్ల బండ్లలో రిటర్న్‌లోనూ ప్రెషర్ నిలవాలి కాబట్టి అక్కడ ఈ సీసాల పద్ధతి వద్దు. సీసాలకంటే ముందు డీజిల్ ఫిల్టర్, దాని రబ్బరు రింగు చూడడం మరవొద్దు. అక్కడ గాలి పీల్చే బండి మాత్రం సాధారణంగా పొద్దున కూడా సతాయిస్తుంది, ఆ తేడా గమనించాలి.

పాత రోటరీ పంపు బండ్లలో పంపు తల మీద తడి గుడ్డ చుట్టి ఐదు నిమిషాలు ఆగితే స్టార్ట్ అవుతుందా చూడాలి. అయితే పంపు అరిగినట్టు. కాగిన ఇంజన్ మీద బకెట్‌తో నీళ్లు కుమ్మరించేవాళ్లున్నారు, దయచేసి మానండి, హెడ్డు పగులుతుంది, కనెక్టర్లలోకి నీళ్లు దిగుతాయి. స్టార్టింగ్ స్ప్రే కూడా కొట్టొద్దు. సెల్ఫ్ పది సెకన్లు కొట్టి ఒక నిమిషం ఆగాలి.

ఇంజన్ తిరిగేటప్పుడు ప్రెషర్ పైపు నట్టును ఎప్పుడూ వదులు చేయొద్దు. సన్నటి చిమ్ము చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి, లేకపోతే వేలు, చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఒక ఇంజెక్టరే మార్చినా దాని రాగి వాషరు కొత్తది వేయించండి, కోడ్ ఉన్న రకమైతే ఆ కోడ్‌ను ఈసీఎంలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఎక్కించారో లేదో అడగండి. ట్రాక్టరు కోసం డ్రమ్ముల్లో దాచిన డీజిల్‌ను కారులో పోయడం ఆపితే కొత్తవైనా కొంతకాలం నిలుస్తాయి.

జిల్లా షెడ్ల యజమానులకు మా విన్నపం: ఇంజెక్టరో పంపో మార్చిన ప్రతి బిల్లు మీద కాగిన ఇంజన్‌తో సెల్ఫ్ వేగం, రైలు ప్రెషర్, పీజో బండి కాకపోతే నాలుగు సీసాల కొలతలు రాసి ఇవ్వండి. యజమానులూ ఆ అంకెలు అడిగాకే డబ్బు కట్టండి.

ఇట్లు,
డీజిల్ మెకానిక్‌లు, అనంతపురం