కప్పను ఎవరూ ముద్దు పెట్టుకోలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, పాత రాకుమారి కథలను గే ప్రేమకథలుగా తిప్పి రాస్తున్న ఇంగ్లీషు నవలల మీద ఒక వ్యాసం వేశారు. మొదటి పేరాలోనే తప్పుంది. రాకుమారి ముద్దు పెడితే కప్ప రాకుమారుడైన చక్కటి కథను ఇప్పటి రచయితలు పాడు చేస్తున్నారని మీ వ్యాసకర్త బాధపడ్డారు. జర్మనీ జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన కథలో ముద్దూ లేదు, ముచ్చటా లేదు. ఆ పిల్లకు చిర్రెత్తుకొచ్చి కప్పను తీసి గోడకేసి కొడుతుంది, కింద పడేసరికి అది రాకుమారుడు. ముద్దు తర్వాతెవరో చేర్చిన ముక్క. మీరు కాపాడమంటున్న అసలు కథ కూడా ఎవరో మార్చిందేనన్నమాట.

ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు, ఏమీ అనుకోకండి.

ఆ కథకు గ్రిమ్ సోదరులు పెట్టిన పూర్తి పేరు ‘కప్పరాజు లేదా ఇనుప హైన్రిష్’. ఈ హైన్రిష్ రాకుమారుడి సేవకుడు. తన దొర కప్పైపోయాడని తెలిసినప్పుడు, దుఃఖంతో గుండె ఎక్కడ పగిలిపోతుందోనని దాని చుట్టూ మూడు ఇనుప కట్లు వేయించుకున్నాడట. కథ చివర ఎనిమిది తెల్లగుర్రాలు కట్టిన బండి తెచ్చి, ఇద్దరినీ ఎక్కించి, తను వెనకాల నిలబడతాడు. కొంత దూరం పోయాక ఫట్‌మని చప్పుడు. బండి విరుగుతోందని రాకుమారుడు కంగారు పడితే, బండి కాదు దొరా, నా గుండె మీది కట్టు తెగింది అంటాడు. మళ్ళీ ఫట్, మళ్ళీ అదే కంగారు, అదే జవాబు. అలా మూడు కట్లూ దొర దక్కాడన్న సంతోషంతోనే తెగిపోతాయి. కథ అక్కడితో ఆఖరు. పెళ్ళి భోజనాలతో ముగించొచ్చు కదా, ముగించలేదు, బండి వెనక నిలబడ్డ మనిషి గుండె చప్పుడుతో ముగించారు. ఇది స్వామిభక్తి కథ అంటే నేను కాదనను, రాసినవాళ్ళూ అదే అనుకుని ఉంటారు. కానీ ఇవాళ ఒక కుర్రాడు ఇది చదివి, ఏమయ్యా, నిన్ను గోడకేసి కొట్టిన పిల్ల పక్కన కూర్చుని ఎక్కడికి పోతున్నావు, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు అని రాకుమారుణ్ణి ఆట పట్టిస్తూ కొత్త కథ రాశాడనుకోండి, పాత కథకు పోయేదేముంది? అది గ్రిమ్ పుస్తకంలో మొదటి కథగా అలాగే ఉంటుంది.

మీ వ్యాసం వచ్చాక మా అక్క మనవరాలి కిండిల్ తీసుకుని అలాంటివి మూడు చదివాను. ఒకటి నిజంగా బాగుంది, ఒకటి పర్వాలేదు. మూడోదాంట్లో కథ తక్కువ, హీరో భుజాల వర్ణన ఎక్కువ, దానికన్నా మన ప్రబంధ కవులు నయం. అన్నిటికీ ఒకే అచ్చు పడిపోతోందని కూడా అనిపించింది, రాకుమారుడికి ఎప్పుడూ పెళ్ళంటే చిరాకు, అవతలివాడు ఎప్పుడూ పేదవాడు, నోటి దురుసు. మీ వ్యాసకర్త ఇలాంటి లోపాలు రాసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు. బాగున్నదాంట్లో మాత్రం సిండ్రెల్లా చెప్పు దగ్గర పడీపడీ నవ్వాను. రాత్రంతా చెయ్యి పట్టుకుని డాన్స్ చేసినవాడి ముఖం గుర్తులేదా, కాలి సైజుతో వెతుకుతావా అని, సిండ్రెల్లా స్థానంలో ఉన్న కుర్రాడు రాకుమారుణ్ణి నిలదీస్తాడు. చిన్నప్పటి నుంచీ నాకున్న డౌటే అది.

అక్కడ నవ్వు ఎవరి మీద పడుతోందో చూడండి. రాజు మీద, చెప్పు మీద, దండోరా వేసే భటుల మీద. మన సినిమాల్లో ఇన్నేళ్ళూ ఒంకర్లు తిరుగుతూ మాట్లాడే ఒక పాత్రను పెట్టి, హీరో వాణ్ణి చూసి జడుసుకుని పారిపోతే హాలంతా నవ్వేది, నేనూ నవ్వినదాన్నే. అది కాకపోతే జాలి కథలు, చివర్లో ఎవరో ఒకరు చచ్చిపోవాలి. గే కుర్రాడికి ఒక రాజ్యం, ఒక అలక, ఒక మంచి పెళ్ళి, ‘సుఖంగా ఉన్నారు’ అనే ముగింపు ఇచ్చి, మధ్యలో అందరినీ నవ్వించడం చిన్న విషయం కాదు. జలకన్య కథ రాసిన డెన్మార్క్ రచయిత ఆండర్సన్‌కు అలాంటి ముగింపు దొరకలేదు. ఎడ్వర్డ్ కొల్లిన్ అనే స్నేహితుడికి ఆయన ఎంతో ప్రేమతో ఉత్తరాలు రాశాడు, 1836లో కొల్లిన్ పెళ్ళి చేసుకున్నాడు, 1837లో జలకన్య కథ అచ్చయింది. నోరు పోగొట్టుకుని, ప్రేమించినవాడి పెళ్ళి కళ్ళారా చూసిన ఆ పిల్లలో ఆండర్సన్‌నే చూసే పండితులు ఉన్నారు.

ఇంకో గొడవ ఏమిటంటే, మీ వ్యాసం పెద్దవాళ్ళ రొమాన్స్ నవలల్నీ పిల్లల బొమ్మల పుస్తకాల్నీ ఒకే గంపలో వేసి, పిల్లల చేతిలో పడితే ఎలా అని టెన్షన్ పడింది. ఆ నవలలు పెద్దవాళ్ళవి, పడగ్గది సీన్లు కూడా ఉంటాయి, వాటిని పిల్లలకు ఇవ్వమని ఎవరూ అనడం లేదు. పిల్లలకు రాసినవి వేరే. నెదర్లాండ్స్‌లో 2000లో వచ్చిన ‘రాజు, రాజు’ అనే బొమ్మల పుస్తకంలో పెళ్ళి చేసుకోమని తల్లి పోరుతుంటే రాకుమారుడు వచ్చిన రాకుమారినల్లా వద్దంటాడు, ఆఖరి అమ్మాయి వెంట వచ్చిన అన్నదమ్ముడు నచ్చుతాడు, పెళ్ళవుతుంది, అంతే. హంగరీలో 2020లో ఇలాంటి కథల పుస్తకం వస్తే ఒక ఎంపీ విలేఖర్ల ముందు దాని పేజీలు చింపి కాగితాలు ముక్కలు చేసే మిషన్‌లో వేసింది. లిథువేనియాలో ఒక రచయిత్రి ఆరు కథలు రాస్తే, అందులో రెండింటిలో ఇలాంటి జంటలున్నాయని పుస్తకం అమ్మకాలు ఆపారు, తర్వాత పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు హాని చేయొచ్చని చీటీ అంటించి అమ్మారు. ఆమె కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2020లో చనిపోతే తల్లి కేసు నడిపింది. 2023 జనవరిలో యూరప్ మానవ హక్కుల కోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. ఇవన్నీ వదిలేసి ‘వివాదాస్పదం’ అని ఒక్క మాట రాస్తే చదివేవాళ్ళకు ఏం తెలుస్తుంది?

మీ వ్యాసంలో ఇదంతా విదేశీ మోజు అన్నారు కదా, రాజస్థానీ రచయిత విజయ్‌దాన్ దేథా కథ ఒకటి ఉంది, దొరికితే చదవండి. ఇద్దరు షావుకార్లు పిల్లలు పుట్టకముందే వియ్యం ఖాయం చేసుకుంటారు, ఇద్దరికీ ఆడపిల్లలే పుడతారు, ఒకాయన కట్నం ఆశతో కూతుర్ని కొడుకని పెంచి పెళ్ళి చేసేస్తాడు. నిజం తెలిశాక ఆ ఇద్దరమ్మాయిలూ కలిసే ఉంటామంటారు, ఊరు ఊరుకోదు, చివరికి దయ్యాలు ఆదుకుంటాయి. మధ్యలో ఒకమ్మాయి మగవాడిగా మారి మొగుడి పెత్తనం మొదలుపెట్టడం, అది పొసగక మళ్ళీ ఆడదైపోవడం కూడా ఉంది.

వ్యాసం మళ్ళీ వేయమని అడగను, కప్ప ముద్దు సంగతి మాత్రం సవరించండి. నేను ఎన్నో బ్యాచ్‌ల పిల్లలకు ఆ కథ చెప్పాను, గోడకేసి కొట్టిన దగ్గర భలే నవ్వేవాళ్ళు. హైన్రిష్ దగ్గరికి వచ్చేసరికి ఎలాగూ బెల్ కొట్టే టైమవుతుందని, వాడి ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదు.

మీ పాఠకురాలు,
రిటైర్డ్ టీచర్, తెనాలి