ఆయిల్ మీటర్ల విషయంలో మా షెడ్డు వల్ల జరిగిన పొరపాటు

మా దగ్గర పాత బుల్లెట్లు బాగుచేయించుకునే వాళ్లందరికీ నమస్కారం. పోయిన వేసవిలో మా షెడ్డులో ఆయిల్ టెంపరేచర్ మీటర్ పెట్టించుకున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఆ మీటర్లలో చాలావరకు తప్పు చూపిస్తున్నాయి. వాటిని చూసి నేను మీకు చెప్పిన మాటల్లోనూ కొన్ని తప్పులున్నాయి. రెండూ సరిచేయాల్సింది నేనే.

ఫిబ్రవరిలో మా పాత కస్టమర్ ఒకాయన, రిటైరైన లెక్కల మాస్టారు, తన బండి మీటర్ చేత్తో పట్టుకుని వచ్చారు. "ఇది నిజం చెబుతోందని నీకెలా తెలుసు బాబూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. షెడ్డు పక్కనే టీ కొట్టు. పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. మన బెజవాడ పెద్ద ఎత్తులో ఏమీ లేదు కాబట్టి ఇక్కడ నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గరే. మీటర్‌ని తీగకి కట్టి, దాని కాడ గిన్నె అడుక్కి తగలకుండా నీళ్లలోకి వేలాడదీశాం. ముల్లు 100 దాటింది, 105 దాటింది, 112 దగ్గర ఆగింది. ఐదు నిమిషాలు ఉంచినా అక్కణ్నుంచి కదల్లేదు. అమ్మకుండా మిగిలిన ఆరు మీటర్లూ తెచ్చి ఒక్కొక్కటే ముంచాం. ఒక్కటి మాత్రం 101 చూపించింది. మిగతావి 108 నుంచి 114 దాకా ఉన్నాయి.

ఈ పరీక్ష నేను అమ్మకముందే చేయాల్సింది. పది నిమిషాల పని. చేయలేదు.

దీనివల్ల ఎక్కువ ఇబ్బంది పడింది ఒక తమ్ముడు. పోయిన మే నెలలో భార్యని, చిన్నపాపని ఎక్కించుకుని దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే మీటర్ 121 చూపించింది. భయపడి నాకు ఫోన్ చేశాడు. ఇంజన్ ఆపెయ్, ఇంక ఎక్కొద్దు అని చెప్పింది నేనే. ఎండలో, అడవి రోడ్డు మీద మూడు గంటలు నిలబడి, చివరికి వ్యాన్ మాట్లాడుకుని బండిని వెనక్కి తెచ్చుకున్నాడు. హెడ్డు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) విప్పి చూస్తే బోరు మీద ఒక్క గీత లేదు. పిస్టన్ శుభ్రంగా ఉంది. మొన్న ఆ మీటర్‌ని మరిగే నీళ్లలో పెడితే 13 డిగ్రీలు ఎక్కువ చూపించింది. అంటే ఆ రోజు ఆయిల్ అసలు వేడి 108 చుట్టుపక్కల. మే నెల ఎండలో, ముగ్గుర్ని మోస్తూ ఘాట్ ఎక్కుతున్న బుల్లెట్‌కి అది మామూలు వేడి. ఇంజన్ విప్పిన కూలీ, గ్యాస్కెట్ల డబ్బు, వ్యాన్ ఖర్చు అతనికి తిరిగి ఇచ్చేశాను. ఆ రోజు వాళ్లకి దర్శనం కాలేదు. అది మాత్రం నేను ఇవ్వలేను. ఇంకెవరికీ ఇలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మీటర్ సరైనదే అయినా 110 చూసి మనం భయపడేవాళ్లమే. ఎందుకంటే చాలామందికి వేడి లెక్క కారు దగ్గర అలవాటైంది. కారులో ముల్లు చూపించేది కూలెంట్ వేడి. అది 90 దగ్గర నిలకడగా ఉండాలి, 115, 120 దాకా వెళ్లిందంటే బండి పక్కన ఆపాలి. పైగా 100 అనగానే నీళ్లు మరిగే వేడి గుర్తొస్తుంది. కానీ ఆయిల్ 100 దగ్గర మరగదు. గాలితోనే చల్లబడే ఇంజన్‌లో ఆయిల్ 100 దాటడం రోజూ జరిగే పని.

మీ ఆయిల్ డబ్బా మీదే దీనికి సాక్ష్యం ఉంది. 20డబ్ల్యూ-50 అని రాసి ఉంటుంది కదా, అందులో 50 అనే గ్రేడ్‌ని ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంఘం పద్ధతిలో నిర్ణయించేది ఆయిల్‌ని 100 డిగ్రీలకి వేడిచేసి, ఎంత చిక్కగా ఉందో కొలిచి. అక్కడితో అయిపోదు, ఒత్తిడిలో నలిగేటప్పుడు పొర నిలుస్తుందో లేదో 150 డిగ్రీల దగ్గర కూడా పరీక్ష చేస్తారు. అంటే ఆ ఆయిల్ తయారైందే ఆ వేడిలో పనిచేయడానికి. ఈ సంగతి తెలిసి కూడా నేను మీటర్ ముల్లు చూసి కంగారుపడ్డాను.

సరిచూసిన ఆ ఒక్క మీటర్‌ని నా సొంత బండికి పెట్టి మార్చి నుంచి పుస్తకంలో రాస్తున్నాను. నాది పాత కాస్ట్ ఐరన్ 350, పాయింట్ల ఇగ్నిషన్, అంటే తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్చుతో స్పార్క్ పుట్టేది. ఏప్రిల్ చివర్లో, నీడలోనే 42 డిగ్రీలున్న రోజు మధ్యాహ్నం రెండింటికి నందిగామ బయల్దేరాను. దుర్గమ్మ ఫ్లైఓవర్ దిగి గొల్లపూడి దాటేసరికి 84. ఇబ్రహీంపట్నం దగ్గర 96. కంచికచర్ల దాటాక 60 స్పీడు మీద 103 దగ్గర నిలబడిపోయింది. 80కి తీసుకెళ్తే పది నిమిషాల్లో 111. తిరిగొచ్చి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పడ్డాక 114. గాలి లేదు, కింద రోడ్డు సెగ, పక్కన బస్సుల సెగ. షెడ్డుకొచ్చి చెయ్యి పెడితే బోరు దగ్గరకి పోలేం, కానీ ఇంజన్ చప్పుడు మారలేదు, స్లోలో ఆగలేదు, మళ్లీ ఒక్క కిక్‌కి స్టార్ట్ అయింది. మార్చి మొదట్లో తెల్లవారుజామున అదే రోడ్డు మీద, అదే 60 స్పీడుకి 86 మాత్రమే. బయటి గాలి 20 డిగ్రీలు మారితే ఆయిల్ కూడా దాదాపు అంతే మారింది.

కాబట్టి పాత బుల్లెట్ ఉన్నవాళ్లకి నేను ఇప్పుడు చెప్పేది ఇదీ. చలికాలంలో 75 నుంచి 95, మన ఎండల్లో 95 నుంచి 115, ఘాట్‌లోనో ట్రాఫిక్‌లోనో కాసేపు 120. ఇదంతా మామూలే, టెన్షన్ పడొద్దు. 120 దాటి దిగిరాకపోతే స్పీడు తగ్గించండి, 60 లోపు పది నిమిషాలు నడపండి. 130కి వచ్చిందంటే మాత్రం నీడ చూసి ఆపండి. మామూలు మినరల్ ఆయిల్ ఆ వేడిలో గబగబా పాడవుతుంది. ప్రతి 10 డిగ్రీలకీ పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందని మోటు లెక్క. అలా కాలిన ఆయిల్ ఇంజన్‌లో ఉంచుకోవద్దు, కిలోమీటర్లు తక్కువే తిరిగినా మార్పించండి.

ఆపిన చోట ఇంజన్ మీద నీళ్లు పోయొద్దు. ఘాట్‌లో చాలామంది పోస్తారు, చూస్తుంటే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. కాగిన బోరు మీద చల్లనీళ్లు పడితే పగుళ్లు రావచ్చు, వంకర పోవచ్చు. గాలి చాలు.

వేడి తక్కువుంటే మంచిదనుకోవడం కూడా సరికాదు. మా కస్టమర్లలో ఒక పెద్దాయన రోజూ బండి మీద గుడికి వెళ్లొస్తారు, పోనూ రానూ కలిపి 3 కిలోమీటర్లు. అంతకుమించి బండి తీయరు. పోయిన డిసెంబర్‌లో ఆయన బండి ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపలంతా పాలు ఎక్కువైన టీలా తెల్లటి మడ్డి. నీళ్లు కలిశాయి. ఎక్కణ్నుంచో కాదు, పెట్రోల్ కాలినప్పుడే నీటి ఆవిరి పుడుతుంది. ఒక లీటరు పెట్రోల్ కాలితే సుమారు లీటరు నీళ్లు. దాదాపు అంతా సైలెన్సర్‌లోంచి పోతుంది, కొద్దిగా పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిల్‌లో చేరుతుంది. ఆయిల్ బాగా కాగితేనే అది ఆవిరై బయటికి పోయేది. ఆయన ఇంజన్ ఎప్పుడూ అంత కాగలేదు. వారానికి ఒక్కసారి కనీసం 25 కిలోమీటర్లు తిప్పమని చెప్పాం, ఇప్పుడు ఆయిల్ శుభ్రంగా ఉంది. లంబసింగిలాంటి చోటికి చలిలో వెళ్లేవాళ్లు కూడా గుర్తుంచుకోండి. పొద్దున్నే ఆయిల్ తేనెలా చిక్కగా ఉంటుంది. మొదటి ఐదారు కిలోమీటర్లు రేజ్ చేయకుండా నడపండి.

ఇక నిజంగా పట్టించుకోవాల్సింది వేరే ఉంది. మీ బండి రోజూ అదే రోడ్డు మీద, అదే ఎండలో 102 చూపించేది ఇవాళ 115 చూపిస్తే, 115 ఎక్కువని కాదు, ఆ 13 డిగ్రీలు ఎక్కడివని అడగాలి. మా అనుభవంలో మొదట చూడాల్సింది టైమింగ్, అంటే స్పార్క్ ఎప్పుడు పడుతోందన్నది. పాయింట్ల మడమ అరిగి గ్యాప్ తగ్గితే స్పార్క్ ఆలస్యంగా పడుతుంది, బండికి పికప్ పోతుంది, సైలెన్సర్ మెడ దగ్గర వేడి పెరుగుతుంది. గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు 15) ఉండాలి. తర్వాత టాపెట్లు, అంటే వాల్వుల సందు. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక పుష్‌రాడ్‌ని (వాల్వుని కదిలించే కడ్డీని) రెండు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. టైట్‌గా ఉంటే వాల్వు పూర్తిగా కూర్చోదు, కాలిపోతుంది. ఆ తర్వాత ఆయిల్ తిరుగుతోందా లేదా అన్నది. ఈ ఇంజన్‌లో పంపులు రెండు, ఒకటి పంపేది, ఒకటి వెనక్కి లాగేది. వాల్వుల్ని నొక్కే రాకర్లకి ఆయిల్ వెళ్లేది ఆ రెండో పంపు నుంచి. ఇంజన్ నడుస్తుండగా రాకర్ పైపు బోల్టు కొంచెం వదులు చేస్తే ఆయిల్ ఉబికి రావాలి. రాకపోతే అక్కడే ఆపెయ్యండి.

ఇంకొకటి ఈమధ్య కొత్తగా వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, పాత పెట్రోల్‌కి సెట్ చేసిన కార్బొరేటర్‌లో మిక్స్చర్ పలచనవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు, ఇంజన్ ఎక్కువ కాగుతుంది. దానంతట అదే సరిచేసుకునే కంప్యూటర్ మన బండ్లలో లేదు. ప్లగ్ తీసి చూస్తే ఇటుకరంగు బదులు తెల్లగా కనిపిస్తుంది. అలాంటి బండ్లకి మెయిన్ జెట్ (పెట్రోల్ వెళ్లే చిన్న రంధ్రం) ఒక సైజు పెద్దది వేస్తున్నాం, వేశాక పికప్ కూడా తేడా తెలుస్తోంది. అందరికీ అవసరం లేదు, ప్లగ్ చూశాకే చెబుతాం.

పోయిన వేసవిలో కొన్ని బండ్లకి ఆయిల్ చిక్కబడే మందు కలిపాను. అది కూడా నా తప్పే. వేడికి ఆయిల్ పలచబడుతోందని అనుకున్నాను. అవసరానికి మించి చిక్కనైతే ఆయిల్ సందుల్లోకి నిదానంగా చేరుతుంది, ఇంజన్ దాన్ని తోసుకుంటూ తిరగడానికే బలం ఖర్చవుతుంది, అదీ వేడే. ఆ బండ్లన్నిటికీ ఆయిల్ దించి కొత్త 20డబ్ల్యూ-50 పోస్తాం, ఆయిల్‌కి గానీ కూలీకి గానీ డబ్బు తీసుకోం. ఆయిల్ కూలర్ అడుగుతున్నవాళ్లకి నా సలహా, ముందు పైన చెప్పినవి చూపించుకోండి. అవి సరిగ్గా ఉన్న 350కి మన రోడ్ల మీద కూలర్ అక్కర్లేదు.

కొంతమంది దూరం నుంచే వేడి చూపించే లేజర్ గన్‌తో ఇంజన్ మీద కొట్టి ఫొటోలు పంపిస్తున్నారు. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ అసలు కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. అదే చోట నల్ల టేపు ముక్క అంటించి కొట్టండి, తేడా మీకే కనిపిస్తుంది. అప్పుడైనా అది పైన లోహం వేడి, లోపలి ఆయిల్ వేడి కాదు. ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లు ఈ మీటర్ అడగొద్దు, టూ స్ట్రోక్‌లో ఇంజన్ ఆయిల్ పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది, కొలవడానికి కింద ఏమీ నిలవదు. స్ప్లెండర్ వాళ్లకీ మీటర్ అవసరం లేదు. కానీ అందులో ఇంజన్, క్లచ్, గేర్లు అన్నీ ఆ ఒక్క లీటరు ఆయిల్ మీదే బతుకుతాయి, మార్చాల్సిన టైముకి మార్చండి.

మీటర్ పెట్టించుకున్న 23 మందికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. ఇంకా నా ఫోన్ రానివాళ్లు మీరే రండి. మీ ముందే మరిగే నీళ్లలో పెట్టి చూపిస్తాం. రెండు డిగ్రీలకి మించి తేడా ఉంటే పూర్తి డబ్బు వెనక్కి, లేదా సరిచూసిన మీటర్, మీ ఇష్టం. ఇకమీదట మీటర్ ఏదైనా నీళ్లలో పెట్టి చూశాకే బండికి బిగిస్తాం, ఆ అంకె బిల్లు మీద రాస్తాం. బండి బాగుచేశాక ఇబ్రహీంపట్నం దాకా వెళ్లొచ్చి, ఆ రోజు ఎండ ఎంత, ఆయిల్ ఎంత అన్నది కూడా అదే బిల్లు మీద ఉంటుంది. వచ్చే ఏడాది పోల్చుకోవడానికి పనికొస్తుంది, దాచుకోండి.

సోమవారం తప్ప అన్ని రోజులూ షెడ్డు తెరిచే ఉంటుంది. వీలైతే ముందురోజు సాయంత్రమే బండి వదిలివెళ్లండి, టాపెట్లు పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి.