బుజ్జికి, కొత్త కంప్యూటర్ గురించి

సూర్యాపేట,
18 ఆగస్టు 2024.

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, మళ్లీ మేడ మెట్లు ఎక్కుతోంది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు పక్క షాపులో ప్రింట్ తీయించుకున్నాను. మూడు రోజులుగా గల్లాపెట్టెలో పెట్టుకుని, బేరం లేనప్పుడల్లా తీసి చూస్తున్నాను. ఫోన్లో చెబితే సగం చెప్పేలోపే గిరాకీ వస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. చీటీ ఎత్తాను. 32 వేలు విడిగా తీసి పెట్టాను. అంతకు మించి ఇప్పుడు నా వల్ల కాదమ్మా. నీ లిస్టు కూడితే సరిగ్గా 30 వేలు వచ్చింది. అంత ఒద్దికగా రాసుకున్నావంటే నాకు చాలా సంతోషం వేసింది. ప్రాసెసర్ 11,500, మదర్‌బోర్డు 5,800, ర్యామ్ 3,500, ఎస్ఎస్‌డీ 3,200, కీబోర్డు మౌస్ కలిపి 900. వీటిలో నేను వేలు పెట్టను. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు వద్దనుకుని, గ్రాఫిక్స్ లోపలే ఉన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకోవడం మంచి పని. 16 జీబీ ర్యామ్ ఒకే కడ్డీగా కాకుండా 8, 8 రెండు కడ్డీలు ఎందుకని పక్క షాపు అబ్బాయిని అడిగాను. ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండుంటే రెండు దారుల్లో వేగంగా అందుతుందని చెప్పాడు. అంటే నువ్వు తెలిసే రాశావన్నమాట.

నాకు నచ్చనిది ఒక్కటే. క్యాబినెట్‌కు 4,200, ఎస్ఎమ్‌పీఎస్‌కు 900 అని రాశావు. అద్దం తలుపు, రంగుల లైట్ల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్ మీద నీకు ఎంత మనసుందో నాకు తెలుసు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్లో నాకు చూపించావు కూడా. కానీ బుజ్జీ, 5,800 రూపాయల బోర్డుకీ 11 వేల ప్రాసెసర్‌కీ తిండి పెట్టేది ఆ 900 రూపాయల డబ్బానే. గోడలో కరెంటు ఎలా వచ్చినా దాన్ని మార్చి, సరిచేసి, లోపలికి అందించేది అదే.

మూడేళ్ల కిందట మన వీధిలో జిరాక్స్ షాపు కంప్యూటర్ మధ్యాహ్నం పూట టప్‌మని పేలింది, గుర్తుందా? అప్పుడు నువ్వు ఇంటర్. బోర్డు పోయింది, హార్డ్ డిస్కు కూడా పోయింది. ఆ ఎస్ఎమ్‌పీఎస్‌ను ఆయన నా దగ్గరికే తెచ్చాడు, ఏమైనా చేయగలవా అని. విప్పి చూశాను. కరెంటు లోపలికి వచ్చే చోట, మెయిన్స్ నుంచి వచ్చే రొదను ఆపడానికి చిన్న కాయిల్ ఒకటి ఉండాలి. బోర్డు మీద దాని బొమ్మ అచ్చు వేసి ఉంది, కాళ్లకు రంధ్రాలు ఉన్నాయి. కాయిల్ మాత్రం లేదు. ఆ చోట రెండు తీగ ముక్కలు అడ్డంగా పెట్టి అతికించారు. ఇరవై ఆరేళ్లుగా కాయిల్స్ చుట్టి బతుకుతున్నవాణ్ణి, నాకది చూడగానే కడుపు రగిలింది. రాగి అని చెప్పి అల్యూమినియం తీగ చుట్టి అమ్మిన మోటర్లు నా దగ్గరికి ఎన్ని రావడం లేదు! పైన వార్నిష్ ఒకటే రంగు. రైతు మాత్రం ఒక్క కారు పంట కూడా దాటకుండానే మోటర్ భుజాన వేసుకుని వస్తాడు.

అందుకే డబ్బా మీద పెద్దక్షరాలతో 450 వాట్లు అని ఉందని మోసపోకు. పక్కన చిన్న పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడు. 12ను దాంతో గుణించు, దాదాపు అదే దాని అసలు బలం. 36 ఉంటే 432 వాట్లు. నువ్వు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను, అందులో 14 ఉంది. అంటే 168 వాట్లే. ఇప్పటికి నీ మెషిన్ దాని మీద నడుస్తుందేమో, రెండేళ్ల తర్వాత గ్రాఫిక్స్ కార్డు పెడితే నడవదు. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది అడుగు. అది ఉంటే సగం లోడు మీద గోడ నుంచి తీసుకున్న 100 వాట్లలో 85 లోపలి సామానుకు చేరతాయి, మిగిలిందే వేడిగా పోతుంది. అలాంటిది 2,900కు దొరుకుతుందని కనుక్కున్నాను. మామూలు ఇనప క్యాబినెట్, గాలి బాగా ఆడేది, 2,200కు వస్తుంది. రెండూ కలిపితే 5,100. నువ్వు రాసుకున్న మొత్తం కూడా అంతే. రూపాయి ఎక్కువ అవ్వదు.

మిగిలే 2 వేలల్లో మంచి స్పైక్ బోర్డు ఒకటి కొందాం. మామయ్య ఇస్తానన్న పాత మానిటర్‌కు వెనక వీజీఏ పోర్టు ఒక్కటే ఉంది, నేను వెళ్లి చూసి వచ్చాను. నువ్వు కొనే బోర్డుకు వీజీఏ ఉందో లేదో చూడు, లేకపోతే హెచ్‌డీఎంఐ నుంచి మార్చే చిన్న వైరు తీసుకోవాలి.

ఇక ఎర్తింగ్. వానాకాలం మొదట్లో నీ రూంలో ఇస్త్రీ పెట్టె ముట్టుకుంటే జివ్వుమంటోందని చెప్పావు. ఆ మాట అప్పటి నుంచీ నా మనసులో ఉంది. మంచి ఎస్ఎమ్‌పీఎస్‌లో ఆ రొదను ఆపే ఫిల్టర్ ఉంటుంది కదా, అది కొద్దిపాటి కరెంటును బాడీకి వదులుతుంది. ఎర్తింగ్ ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ ముట్టుకున్న నీ వేలికే తగులుతుంది. నేను టెస్టర్, సిరీస్ బల్బు తెస్తాను. ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెడితే నిండుగా వెలగాలి. మినుకుమంటే ఇంటి ఓనర్‌తో నేనే మాట్లాడి వైరు లాగుతాను. అందాకా నువ్వు ఆ సాకెట్లు విప్పకు.

షాపులో ఒక మాట తప్పకుండా అడుగు. నువ్వు రాసిన బీ450 బోర్డు రకం 2018లో వచ్చింది, ప్రాసెసర్ 2021ది. పాత స్టాకు బోర్డైతే దాని లోపలి బయోస్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయకపోతే ఈ ప్రాసెసర్‌ను గుర్తుపట్టదట. అక్కడే చేయించుకుని, వస్తువు వస్తువుకూ జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. వారంటీకి అదే ఆధారం.

బిగించేది నువ్వే. నేను పక్కన కూర్చుని స్క్రూలు అందిస్తాను. ప్రాసెసర్ కింద 1331 పిన్నులు ఉంటాయట, వెంట్రుకల్లాంటివి. మూల మీద బంగారు రంగు త్రికోణం చూసి, సాకెట్ మీది గుర్తుకు కలిపి, చేత్తో నొక్కకుండా వదిలితే దానంతట అదే కూర్చోవాలి. ముందు క్యాబినెట్‌లో పెట్టకుండా బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టి ఆన్ చేసి చూద్దాం. నేను మోటర్‌ను బావిలోకి దింపే ముందు షాపులో తిప్పి చూస్తాను కదా, అలాగే.

ఈ శనివారం షాపు కట్టేసి పొద్దున్నే బస్సెక్కుతాను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి కలిసే వెళ్దాం. పదకొండింటికి ప్యారడైజ్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడు. మానిటర్‌ను దుప్పటిలో చుట్టి నేను తెస్తాను. అమ్మ సకినాలు చేస్తోంది, నీ రూంమేట్స్‌కు కూడా కలిపి.

మీ నాన్న