క్రూసో పడవ, ఫ్రైడే పేరు

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం లైబ్రరీ పీరియడ్‌లో ఎనిమిదో తరగతి వాళ్లతో ‘రాబిన్సన్ క్రూసో’ చదివిస్తున్నాను. డేనియల్ డీఫో రాసిన ఈ నవల 1719లో అచ్చయింది. ‘‘పరీక్షలో రాదు కదా మేడం’’ అని మీలో ఇద్దరు ముగ్గురు అడిగారు. నిజమే, రాదు.

ఓడ మునిగి, మనుషుల్లేని దీవిలో ఒక్కడే మిగిలి, 28 ఏళ్లకు పైగా బతికినవాడి కథ అని మీకూ తెలుసు. మనవాళ్లకు మాత్రం అందులో పడవ సంగతి భలే పట్టింది. పెద్ద దేవదారు చెట్టు మొదలు నరకడానికే 20 రోజులు. కొమ్మలు కొట్టడానికి 14. చెక్కి పడవ ఆకారం తేవడానికి నెల, లోపల తొలవడానికి ఇంచుమించు మూడు నెలలు. అంతా అయ్యాక చూసుకుంటే నీళ్లు వంద గజాల అవతల ఉన్నాయి! పడవ అంగుళం కదల్లేదు. పోనీ కాలువ తవ్వి నీళ్లే ఇక్కడికి తెద్దామంటే, పది పన్నెండేళ్ల పని అని లెక్క తేలింది. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ నవ్వుల్లోనే వెనక బెంచీ నుంచి ఒకడు, ‘‘పోయినేడు నా థర్మాకోల్ కోట కూడా ఆటోలో పట్టలేదు మేడం’’ అన్నాడు.

ఆ దీవిలో క్రూసో ప్రాణాలు కాపాడిన ఫ్రైడే అనే యువకుడు కథలోకి వచ్చాక నవ్వులు తగ్గాయి. ‘‘అతనికి ముందే ఏదో పేరు ఉంటుంది కదా, అడగడేం?’’ అంది ఒక అమ్మాయి. క్రూసో అడగడు. శుక్రవారం కాపాడాడు కాబట్టి ఫ్రైడే అని తనే పెడతాడు, తనను ‘మాస్టర్’ అని పిలవమంటాడు. అసలు క్రూసో ఎక్కిన, ఆ మునిగిపోయిన ఓడ బయల్దేరిందే ఆఫ్రికా నుంచి బానిసలను తేవడానికి. అంతకుముందు తానే బానిసగా చిక్కి తప్పించుకున్నవాడు, ఆ పారిపోవడంలో తోడున్న జూరీ అనే కుర్రాణ్ణి 60 వెండి నాణేలకు ఒక కెప్టెన్‌కి అమ్మేశాడు. వీటిని దాటేసి చదివించడం నాకిష్టం లేదు. అందుకే కుదించిన పుస్తకం కాకుండా పూర్తి నవలే తీసుకున్నాం.

ఇంట్లో ఈ ప్రశ్నలు వస్తే ‘‘కథే కదా, పోనీలే’’ అనకండి. మీకేమనిపిస్తుందో చెప్పండి, వాళ్లు కాదంటే వినండి.

వచ్చే శనివారానికి, ఆ దీవి కథను ఫ్రైడే చెబితే ఎలా ఉంటుందో ఒక పేజీ రాసుకు రమ్మన్నాను. తప్పులున్నా ఫర్వాలేదు, మీరు మాత్రం రాసిపెట్టొద్దు. కిందటిసారి వ్యాసాల్లో నలుగురు నాన్నల దస్తూరీ పట్టేశాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు