పీ ప్యాచ్ దీవిలోని కోట

ప్రియ మిత్రమా,

పిల్లలకు అమెరికా అంతర్యుద్ధాన్ని కళ్ళకు కట్టినట్టు చూపించే చోటు ఏదైనా ఉంటే చెప్పమని అడిగావు కదా, మరో ఆలోచన లేకుండా డెలావేర్ రాష్ట్రంలోని పాత సైనిక కోట ఫోర్ట్ డెలావేర్‌కు తీసుకువెళ్ళు. డెలావేర్ సిటీ రేవులో ఫెర్రీ ఎక్కితే కాసేపట్లోనే డెలావేర్ నది మధ్యనున్న పీ ప్యాచ్ దీవి చేరుకుంటారు. అక్కడి నుంచి చిత్తడి నేల మీదుగా ట్రాక్టరు బండి కోట దాకా తీసుకువెళ్తుంది. ఫిలడెల్ఫియాకు పోయే నదీమార్గాన్ని కాపాడడానికి కట్టిన ఈ అయిదు కోణాల కోట చుట్టూ ఇప్పటికీ కందకం ఉంది.

లోపల అడుగుపెడితే 1864 వేసవి. కమ్మరి కొలిమి దగ్గరా, వంటగదిలోనూ ఆనాటి దుస్తులలో ఉన్నవారు తమ పని తాము చేసుకుంటూనే ఆ కాలపు మనుషులుగా మనతో మాట్లాడతారు. నాకు అందరికన్నా నచ్చినది బట్టలు ఉతికే ఆవిడ. ఆనాటి సైనిక నిబంధనల ప్రకారం ఒక్కో కంపెనీకి, అంటే ఒక్కో సైనిక దళానికి, నలుగురు ఉతికే స్త్రీలను అనుమతించి, ఒక్కొక్కరికి రోజుకొక రేషన్ (ఒక రోజు తిండి సామగ్రి) ఇచ్చేవారు. సేనాధిపతుల గురించి ఎన్నో చదివాం గాని, ఇన్ని వందల మంది చొక్కాలు ఎవరు ఉతికారని మనం ఎప్పుడైనా అడిగామా? పిల్లలను ఆమె దగ్గర తీరికగా నిలబడనివ్వు, ఎన్ని ప్రశ్నలైనా అడగనివ్వు.

కోట పైభాగాన ఎనిమిది అంగుళాల కొలంబియాడ్ ఫిరంగిని పేల్చి చూపిస్తారు. చప్పుడు కోసమే అందరూ ఎదురుచూస్తారు గాని, దానికి ముందు జరిగే కసరత్తును గమనించు: గొట్టంలో నిప్పురవ్వ మిగిలితే తర్వాతి మందుగుండు చేతిలో ఉండగానే అంటుకుంటుంది కాబట్టి, తడి స్పాంజి కర్రతో లోపలంతా తుడిచిన తర్వాతే కొత్త మందుగుండు సంచీని దట్టిస్తారు. పక్కవాడి ప్రాణం ఆ తుడిచేవాడి శ్రద్ధ మీదే ఆధారపడి ఉండేది.

ఇక ఖైదీల సంగతి. యుద్ధకాలంలో ఈ దీవి యుద్ధఖైదీల శిబిరం కూడా. గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత 1863లో ఇక్కడ కాన్ఫెడరేట్ (దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల పక్షం) బందీల సంఖ్య 12,000 దాటింది. వారిలో అత్యధికులను గోడల వెలుపల, తేమ ఆరని పల్లపు నేల మీద కట్టిన కొయ్య షెడ్లలో కుక్కారు. మశూచి వంటి రోగాలు ఎందరినో బలిగొన్నాయి. నది అవతల న్యూజెర్సీలోని ఫిన్స్ పాయింట్ శ్మశానంలో 2,400 మందికి పైగా కాన్ఫెడరేట్ ఖైదీలు ఉన్నారు; విడివిడి సమాధులు లేవు, స్మారక స్తంభం దగ్గర కంచు పలకల మీద పేర్లు మాత్రం ఉన్నాయి. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన పక్షం వారే అయినా, ఆ పేర్లు చదువుతుంటే నా మనసు భారమైపోయింది. పిల్లలకు ఈ రెండు విషయాలూ కలిపి చెప్పాలని నా గట్టి అభిప్రాయం. వీలైతే ఆ శ్మశానం కూడా చూపించు.

చలికాలంలో ఫెర్రీ నడవదు, కాబట్టి వేసవిలోనే వెళ్ళండి. దోమల మందు, టోపీలు మరవకండి. దీవి ఉత్తరాన కొంగల స్థావరం కూడా ఉంది. తేదీ ఖరారు కాగానే నాకు రాయి, కుదిరితే మీతో నేనూ వస్తాను.

నీ మిత్రుడు