మిద్దె తోటకి బెంగళూరు లెక్క కాదు, గుంటూరు లెక్క చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మిద్దె తోటల పేజీ వస్తే నేను మిగతా పేపరు పక్కన పెట్టి ముందు అదే చదువుతాను. కొత్త మొక్కలు పెట్టి చూడమంటున్నారు, కొత్త పద్ధతులు చెబుతున్నారు, సంతోషం. కానీ ఆ బ్రకోలీ, లెట్యూస్, జుకినీ ఎప్పుడు వేయాలో చెప్పే దగ్గరికి వచ్చేసరికి లెక్కంతా బెంగళూరుదే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మా బ్రాడీపేట డాబా మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి, ఆ తర్వాత రాయమనండి.

బ్రకోలీ ఇక్కడ రాదని కాదు నేననేది. అక్టోబరులో నారు పోసి, నవంబరులో కుండీల్లోకి మారిస్తే సంక్రాంతి దాటాక పువ్వు కోసుకోవచ్చు. అదే సరదా పుట్టింది కదా అని జనవరిలో విత్తనం వేస్తే ఎండలు ముదిరే వేళకి పువ్వు గట్టిపడకుండానే విడిపోయి పసుపుపచ్చగా పూస్తుంది, కూరకి పనికిరాదు. టమాటా సంగతీ అంతే. రాత్రి వేడి 25 డిగ్రీల కంటే కిందికి దిగకపోతే కాయ సరిగ్గా పట్టదు, పూత రాలిపోతుంది, మనకి ఏప్రిల్, మే రాత్రులు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? జనం ఆ పూత చూసి టెన్షన్ పడి పుల్లమజ్జిగ పోస్తారు, ఇంగువ నీళ్లు కొడతారు, షాపువాడు ఇచ్చిన టానిక్ కూడా కొడతారు. రాత్రి వేడికి టానిక్కేం చేస్తుంది?

ఇంకోటి, తీగజాతికి చేత్తో పుప్పొడి అద్దమని ఈమధ్య రాశారు, మంచి మాటే, కానీ ఏ వేళకో రాయలేదు. గుమ్మడి, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి. సొర అలా కాదు, సాయంత్రం విచ్చుకుంటుంది, బీర కూడా సాయంత్రమే. పొద్దున్న కాఫీ తాగి తీరిగ్గా మేడ ఎక్కితే అప్పటికి సొరపువ్వు వాడిపోయి ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వెళ్లాలి. సన్నటి పొడుగాటి కాడకి ఉన్నది మగ పువ్వు, పువ్వు కింద నూగు నూగుగా బుల్లి సొరకాయ కనిపిస్తే అది ఆడది. మగ పువ్వు తెంపి, రేకులు ఒలిచేసి, మధ్యలో ఉన్న పుప్పొడి మొగ్గని ఆడ పువ్వు నడిమధ్య మెల్లగా అద్దితే సరిపోతుంది. పట్టిన పిందె రెండు మూడు రోజుల్లో లావెక్కుతుంది, పట్టనిది పసుపు తిరిగి రాలిపోతుంది. వీడియోల్లో ఊదరగొట్టే త్రీజీ కటింగ్ కూడా సొరకి బాగానే పనిచేస్తుంది. మొదటి తీగ తల తుంచి, పక్క కొమ్మ తల కూడా తుంచితే తర్వాత వచ్చే చిగుళ్ల మీద ఆడపూలు ఎక్కువ. బెండకి కూడా త్రీజీ అనేవాళ్లని మాత్రం నేను పట్టించుకోను.

అసలు కొత్తదనం కోసం అంత దూరం ఎందుకు, మన ఆకాకర ఉంది. వానాకాలం బజార్లో దాని ధర వింటే చేతిలో సంచి జారుతుంది, మేడ మీద మాత్రం పెంచేవాళ్లు తక్కువ. దీనికి మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. గింజ వేస్తే పూసేదాకా ఏది ఏదో తెలియదు, అందుకే కాసిన మొక్క దుంప తెచ్చి పెట్టుకోవడం మేలు, పదింటికి ఒక మగ మొక్క ఉంటే చాలు. ఎండాకాలం తీగ చచ్చినట్టు కనిపించినా మట్టిలో దుంప బతికే ఉంటుంది, కుండీ తిరగేసి పారబోయకండి. అలాగే అంటు వంగ. ఉస్తి లాంటి అడవి వంగ జాతి వేరు మీద కట్టిన మొక్క, కుండీల్లో నిలువునా వడలిపోయే ఎండు తెగులుని బాగా తట్టుకుంటుంది. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు, దాని కింద నుంచి వచ్చే పిలకలు ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేదంటే పైన కట్టిన వంగని అవే మింగేస్తాయి.

ఇవన్నీ కృష్ణా, గుంటూరు వాళ్లకి పనికొచ్చే సంగతులు. పెనుమాక, ఉండవల్లి వైపు కృష్ణ ఒడ్డున సారవంతమైన జరీబు నేలల్లో ఏడాది పొడుగునా కూరగాయలు పండించే రైతులున్నారు. లాం ఫాం, అదే వ్యవసాయ పరిశోధన కేంద్రం, మన ఊరి పక్కనే, రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా అక్కడే. మిరపలో ఎల్‌సీఏ 334 లాంటి రకం ఇచ్చిన చోటు అది, కుండీలో మిరప మొక్కకి ముడత ఎందుకొస్తుందో చెప్పలేరా? వాళ్లని అడిగి కార్తెల వారీగా ఏ మొక్క ఎప్పుడో ఒక పట్టిక వేయండి, బ్రకోలీ ఫొటో కొంచెం చిన్నదైనా మాకేం అభ్యంతరం లేదు. ఆకాకర దుంపల గురించి రాసే ముక్క మాత్రం మృగశిర రాకముందే పేపర్లో వేయండి, శ్రావణంలో వేస్తే చదువుకోవడానికే పనికొస్తుంది.

- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు